కొండదారికి మా పాతబండి

మోటారుబండి మరమ్మతు సంగతి స్త్రీల పత్రికలో నెందుకని సోదరీమణులు కొంద రడుగవచ్చును. 1888వ సంవత్సరము ఆగస్టు మాసమున బెర్తా బెంజ్ అను జర్మను యిల్లాలు, భర్తకు ముందుగా చెప్పకయే, ఆయన నిర్మించిన బండిలో నిద్దరు కుమారులతో మాన్‌హైము నుండి పుట్టినింటికి నూరు కిలోమీటర్లకు పైగా ప్రయాణము చేసినది. ఇంధనపు గొట్టము పూడిపోగా టోపీసూదితో పొడిచి బాగుచేసినది. దిగుడుదారిలో చెక్కబ్రేకు లరిగిపోగా చెప్పులు కుట్టువానిచే వానికి తోలు వేయించినది. ఈ తోలు సంగతి పాఠికలు కొంచెము జ్ఞాపక ముంచుకొనవలెను.

మా యింటిది 1983లో మా మామగారు కొన్న ప్రీమియర్ పద్మిని. ఇటలీవారి ఫియట్ 1100 నమూనాపై బొంబాయిలో తయారైన బండికి 1974లో పెట్టిన పేరిది. పాత చిన్నకారులు గల మిత్రులు కొందరు బందరు నుండి లదాఖులోని లేహ్ వరకు పోవ సంకల్పింపగా మావారును మా మరిదియు పేరిచ్చిరి. "గూడూరు దాటకమునుపే పొగలు గ్రక్కు బండి హిమాలయము లెక్కునా?" అని అత్తగారు నవ్విరి. మావారు బడిపంతులు గదా, చరిత్ర యెత్తుకొనిరి. 1907లో పెకింగు నుండి పారిసునకు అయిదు బండ్లు బయలుదేరగా నాలుగు చేరినవట. అందు రెండు చిన్నకారులే. గోబీ యెడారిలో నిలిచిపోయినది మూడుచక్రముల బండి యొక్కటియే. పద్మినికి నాలుగు చక్రము లున్నవి గదా యని ఆయన ధైర్యము!

ఖర్చునకు 80,000 రూపాయలు ప్రక్కన పెట్టితిమి. రంగు వేయింపవలెను, పెద్దదీపములు బిగింపవలెను, పైకప్పుపై సామానుచట్రము కట్టింపవలెను అని మరిది పట్టు. గుడివాడలోని వృద్ధ మేస్త్రీ ఆ ముచ్చట లేవియు వినలేదు. కాళ్ళక్రింది పట్ట లెత్తి వ్రేలితో నొక్కగా రేకు అప్పడమువలె విరిగినది. "బందరు ఉప్పుగాలి తిన్న రేకమ్మా, పైన ఎంత రంగు పూస్తే ఏం?" అనెను.

ఆయన చెప్పిన వానిలో రెండు మాకు క్రొత్తగా దోచినవి. నేటి పెట్రోలులో నూటి కిరువది పాళ్ళవరకు ఇథనాలు కలియుచున్నది. పాతబండ్ల రబ్బరుగొట్టములు దానికి మెత్తబడి చీలును. అవన్నియు మార్పించితిమి. రెండవది గాలి. తంగ్లాంగ్ లా కనుమ 5,300 మీటర్లకు పైబడిన యెత్తున నున్నది. అచటి గాలి యొత్తిడి మన బందరులోని దానిలో నించుమించు సగమే. గాలి తగ్గినంతగా పెట్రోలు తగ్గదు గాన నల్లపొగ గ్రక్కి యింజను నీరసించును; పప్పులో నీ రింకి యుప్పు మిగిలినట్లు. అందులకై కార్బురేటరునకు సన్నరంధ్రముల జెట్లు వేరుగా గొని యుంచితిమి.

ఇంత చేసి ఒక ఆదివారము దివిసీమకు పరీక్షగా బయలుదేరితిమి. మేమును మా పాపయు వెనుకసీటులో నుంటిమి. చల్లపల్లి దాటి మోపిదేవి సమీపించుచుండగా గేదెలమంద అడ్డము వచ్చినది. మావారు బ్రేకు త్రొక్కగా పెడలు అడుగుపలక వరకు దిగిపోయినది, బండి నిలువలేదు. ఆయన గేరు తగ్గించి, చేతిబ్రేకు లాగి, బండిని చేనిగట్టునకు త్రిప్పిరి. పాప నొసట బొప్పి కట్టినది, అంతతో సరి. కాని పావుగంటసేపు ఎవరికిని మాట రాలేదు.

చక్రములోని రబ్బరుకప్పు చినిగి బ్రేకునూనె కారిపోయినదని మేస్త్రీ తేల్చెను. ఆ నూనె గాలిలోని తేమను పీల్చుకొనును. తేమపట్టిన నూనె దీర్ఘమైన దిగుడులో వేడెక్కి మరిగి యావిరి పుట్టెనా, పెడలు ఎంత త్రొక్కినను పట్టదు. రెండేండ్ల కొకమారు మార్చవలసిన దానిని మేము అయిదేండ్లుగా ముట్టనేలేదు. తప్పు మాదే. కొండపై జరుగవలసినది గేదెల పుణ్యమా యని మోపిదేవిలో జరిగినది.

ఆ రాత్రి లెక్కలపుస్తకము తెరచి రంగునకును చట్రమునకును వ్రాసిన 30,000 కొట్టివేసితిమి. బ్రేకు సిలిండర్లు, గొట్టములు, లైనింగులు, నూనె అన్నియు క్రొత్తవి వేయించితిమి. మరిది రెండుదినములు మూతి ముడుచుకొనెను. బెర్తా బెంజ్ తోలుకథ చెప్పగా కొంత మెత్తబడెను. ఇక బరువు తగ్గింపవలసి యున్నది. అత్తగారు సిద్ధపరచిన మూడు ఆవకాయజాడీలలో రెండింటిని దింపించుట బ్రేకుల కన్న కష్టమైనది.

వచ్చు ఆదివారము మరల దివిసీమకే ప్రయాణము. ఈమారు నాగాయలంక వరకు. అత్తగారు గూడ వత్తు ననిరి. మోపిదేవిలో సుబ్రహ్మణ్యేశ్వరుని దర్శనము చేసికొనవలెనట.