ఫాగ్ కంప్యూటింగ్: ఏ పని ఎక్కడ, కరెంటు ఎంత

సెన్సార్లు, కెమెరాలు పంపే సమాచారాన్నంతా దూరాన ఉన్న క్లౌడ్ సర్వర్ల దాకా మోసుకెళ్లకుండా, దారిలో ఉన్న గేట్‌వేలు, రౌటర్లు, చిన్న సర్వర్లలోనే వీలైనంత తేల్చేసే పద్ధతి ఫాగ్ కంప్యూటింగ్. సిస్కో సంస్థకు చెందిన ఫ్లావియో బొనోమీ బృందం 2012లో రాసిన పరిశోధనపత్రంతో దీనికి ప్రచారం వచ్చింది. 2015లో ఓపెన్‌ఫాగ్ కన్సార్టియం ఏర్పడింది. అది రూపొందించిన నమూనాను 2018లో ఇంజనీర్ల సంస్థ ఐట్రిపుల్‌ఈ ప్రమాణంగా స్వీకరించింది.

క్లౌడ్‌తో చిక్కు ఆలస్యమని చాలామంది అనుకుంటారు. అంతకంటే పెద్ద చిక్కు డేటా బరువు. కూడలిలోని ఒక కెమెరా సెకనుకు 4 మెగాబిట్ల వీడియో పంపుతుందనుకుంటే రోజుకు 43 జీబీ అవుతుంది. నాలుగు కెమెరాలకు 170 జీబీ దాటుతుంది. పక్కనే స్తంభానికి బిగించిన చిన్న కంప్యూటర్ నంబరు ప్లేట్లు చదివి, వాహనాలు లెక్కపెట్టి, ఫలితాన్ని మాత్రం పైకి పంపితే ఆ బరువంతా తప్పుతుంది.

ఏ పనిని ఏ నోడ్‌కు, అంటే దారిలోని ఏ యంత్రానికి, అప్పగించాలన్నది సేవల నిర్వహణలో కీలకం. భీమవరం వైపు రొయ్యల చెరువునే తీసుకుంటే, రాత్రి నీటిలో కిరణజన్య సంయోగక్రియ ఆగిపోతుంది గనుక కరిగిన ఆక్సిజన్ తెల్లవారుజామున బాగా పడిపోతుంది. నీటిలో గాలి కలిపే ఏరియేటర్ వెంటనే తిరగాలి, నెట్ ఉన్నా లేకున్నా. ఆ నిర్ణయం గట్టు మీది గేట్‌వేలోనే జరగాలి. మేత ఖర్చు, పంట అంచనా లాంటి లెక్కలకు తొందరేమీ లేదు, అవి క్లౌడ్‌కు వెళ్లొచ్చు. ఒక చెరువుకైతే ఇది సులువే. వందల నోడ్లు, వేల సేవలు ఉన్నచోట, ఒక్కో నోడ్‌కు మెమరీ, ప్రాసెసర్, విద్యుత్ సరఫరా వేర్వేరుగా ఉన్నప్పుడు అత్యుత్తమ పంపకం కనుక్కోవడం గణితపరంగా చాలా కష్టం. అందుకే ఇంజనీర్లు దాదాపు సరిపోయే పరిష్కారంతో తృప్తిపడతారు. సేవలను కంటెయినర్లుగా, అంటే ఎక్కడికైనా తరలించగల సాఫ్ట్‌వేర్ మూటలుగా, కట్టి, ఒక నోడ్ మీద భారం పెరిగితే మరోదానికి మారుస్తారు. అయితే ఆ మార్పిడికీ సమయం, కరెంటు ఖర్చవుతాయి. మాటిమాటికీ మార్చితే లాభం ఆవిరైపోతుంది. ఇలాంటి పద్ధతులను ముందే పరీక్షించడానికి పరిశోధకుడు రాజ్‌కుమార్ బుయ్యా తదితరులు ఐఫాగ్‌సిమ్ అనే సిమ్యులేటర్ తయారుచేశారు.

ఇక కరెంటు సంగతి. సర్వర్ ఖాళీగా ఉన్నా కరెంటు తాగుతుంది. 2007లో గూగుల్ ఇంజనీర్లు బరోసో, హోల్జ్‌లే చెప్పిన లెక్క ప్రకారం, పొదుపైన సర్వర్ కూడా పనేమీ లేనప్పుడు గరిష్ఠ వినియోగంలో సగం దాకా వాడుతుంది. కాబట్టి రద్దీ తగ్గినప్పుడు సేవలన్నిటినీ కొన్ని నోడ్ల మీదికి చేర్చి, మిగతావాటిని నిద్రపుచ్చడం మొదటి ఉపాయం. అన్నిటినీ నిద్రపుచ్చితే మాత్రం అత్యవసర పని వచ్చినప్పుడు లేపేసరికి ఆలస్యమవుతుంది. రెండోది ప్రాసెసర్ వేగాన్నీ వోల్టేజీనీ కలిపి తగ్గించడం. విద్యుత్ వాడకం వోల్టేజీ వర్గాన్ని బట్టి మారుతుంది గనుక కొద్దిపాటి తగ్గింపుకే ఎక్కువ ఆదా. బ్యాటరీ సెన్సార్లలో చాలాసార్లు ఎక్కువ శక్తిని మింగేది రేడియో. అక్కడ లెక్కలు తక్కువ చేయడం కంటే మాటలు తక్కువ పంపడమే మేలు.

ఫాగ్ పెడితే చాలు కరెంటు ఆదా అవుతుందనుకోవడం పొరపాటు. పెద్ద డేటా సెంటర్ ఒకే సర్వర్‌ను ఎంతోమందికి పంచి పూర్తిగా వాడుకుంటుంది, వీధి పెట్టెకు ఆ వెసులుబాటు లేదు. వీడియో లాంటి బరువైన డేటాకు, నెట్ పోయినా ఆగకూడని పనికి ఫాగ్ పెట్టిన ఖర్చు గిట్టుబాటవుతుంది. గంటకోసారి ఒక్క అంకె పంపే నీటి మీటరు కోసం ప్రత్యేకంగా ఫాగ్ నోడ్‌ను రాత్రింబవళ్లు నడపడం మాత్రం దండగ.