పీహెచ్‌డీ స్కాలర్ విద్యార్థా, ఉద్యోగా?

2015 అక్టోబరులో ఢిల్లీ ఐటీఓ దగ్గరున్న యూజీసీ కార్యాలయం ముందు జేఎన్‌యూ, ఢిల్లీ యూనివర్సిటీ, జామియా తదితర విద్యాసంస్థల విద్యార్థులు బైఠాయించారు. నెట్ ఫెలోషిప్ లేని సెంట్రల్ యూనివర్సిటీ పరిశోధకులకు ఇచ్చే నాన్-నెట్ ఫెలోషిప్‌ను ఎత్తేయాలన్న యూజీసీ నిర్ణయమే కారణం. ఆ మొత్తం ఎంఫిల్‌కు నెలకు 5,000 రూపాయలు, పీహెచ్‌డీకి 8,000. ‘ఆక్యుపై యూజీసీ’గా పేరుపడిన ఆ ఆందోళనతో ఫెలోషిప్ నిలిచింది. మొత్తం మాత్రం పెరగలేదు.

నెట్ సాధించి జూనియర్ రిసెర్చ్ ఫెలోషిప్ పొందేవారి పరిస్థితి ఇంతకంటే నయం. అయినా అక్కడా పెంపు దానంతట అది రాలేదు. 2014లో 16,000 నుంచి 25,000కు, 2019లో 31,000కు, 2023లో 37,000కు పెరిగింది. 2019 పెంపునకు ముందు స్కాలర్లు ఢిల్లీలో రోడ్డెక్కాల్సి వచ్చింది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు ఏటా రెండుసార్లు కరువు భత్యాన్ని సవరిస్తారు. ఫెలోషిప్‌కు అలాంటి ఏర్పాటు లేదు.

ఎందుకు లేదు? స్కాలర్ ల్యాబ్‌లో పనిచేస్తారు, కొన్నిచోట్ల పాఠాలు చెబుతారు, పేపర్లు దిద్దుతారు. కానీ రికార్డుల్లో విద్యార్థి. కాబట్టి అందేది జీతం కాదు, ఫెలోషిప్. పీఎఫ్ ఉండదు.

చట్టం కూడా పెద్దగా ఆదుకోలేదు. విశ్వవిద్యాలయం కూడా ‘పరిశ్రమ’ కిందకే వస్తుందని 1978లో బెంగళూరు వాటర్ సప్లై కేసులో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ సహా ఏడుగురు జడ్జీల సుప్రీంకోర్టు ధర్మాసనం తేల్చింది. పదేళ్లకు, 1988లో, సుందరాంబాళ్ కేసులో అదే కోర్టు ఉపాధ్యాయులు పారిశ్రామిక వివాదాల చట్టం కింద ‘కార్మికులు’ కారంది. పాఠం చెప్పేవారే కార్మికులు కానప్పుడు, విద్యార్థిగా నమోదైన స్కాలర్‌కు ఆ దారి మరింత ఇరుకు.

ఇంకో చిక్కు: యజమాని ఎవరు? డబ్బు యూజీసీ, సీఎస్‌ఐఆర్ వంటి సంస్థలది. హాజరుపై సంతకం గైడ్‌ది. కాగితాలు పంపేది యూనివర్సిటీ. బకాయి పడితే ఎవరిని అడగాలో తెలియదు. ఇది చిన్న విషయం కాదు. 2016 జనవరిలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ప్రాణం తీసుకున్న రోహిత్ వేముల, తనకు రావాల్సిన ఏడు నెలల ఫెలోషిప్ 1.75 లక్షలు కుటుంబానికి అందేలా చూడాలని చివరి లేఖలో కోరారు.

మన పిల్లలు వేలల్లో చదువుతున్న అమెరికాలో కథ వేరుగా నడిచింది. ప్రైవేటు యూనివర్సిటీల్లో బోధన, పరిశోధన సహాయకులు ఉద్యోగులేనని కొలంబియా యూనివర్సిటీ కేసులో అక్కడి జాతీయ కార్మిక సంబంధాల బోర్డు 2016లో తేల్చింది. 2022 నవంబరులో కాలిఫోర్నియా యూనివర్సిటీలో సుమారు 48,000 మంది అకడమిక్ సిబ్బంది సమ్మె చేసి, వేతనాల పెంపుతో ఒప్పందాలు సాధించారు.

తేడా అక్కడే ఉంది. గుర్తింపు పొందిన కార్మిక సంఘంతో యాజమాన్యం చర్చలకు కూర్చోక తప్పదు. జేఎన్‌యూలో స్కాలర్లు నాయకత్వం వహించే సంఘం ఎంత బలమైనదైనా అది విద్యార్థి సంఘమే. ధర్నా చేయగలదు, ఒప్పందంపై సంతకం పెట్టించలేదు. పైగా లింగ్డో కమిటీ సిఫార్సుల ప్రకారం ఆఫీస్ బేరర్ పదవికి ఒక్కసారే పోటీ చేయాలి. అనుభవం వచ్చేసరికి నాయకులు మారిపోతారు.

‘కార్మికులు’ అన్న గుర్తింపు వచ్చేదాకా ఆగాల్సిన పనిలేనివీ ఉన్నాయి: ధరలను బట్టి ఏటా సవరణ, ప్రతి నెలా ఒక తేదీకి చెల్లింపు, బకాయికి జవాబు చెప్పే ఒక అధికారి. వీటికి కొత్త చట్టం అక్కర్లేదు, ఉత్తర్వులు చాలు.