వాయిదా దొరకని వయసు

మన విమర్శకుల్లో చాలామందికి మనస్తత్వశాస్త్రమంటే ఒక అనుమానం. సీతారామారావునూ దయానిధినీ చూసి, మనసు గొడవలు తీరిక గలవాళ్లవనీ, కూలివాడి పాత్రకు ఆకలీ వర్గమూ చెబితే చాలుననీ తేల్చేశాం. నేనూ అలా రాసినవాణ్ణే. కుందుర్పికి చెందిన ఒక యువ రచయిత చూపిన కథ నన్ను మళ్లీ ఆలోచింపజేసింది.

కర్ణాటకను ఆనుకొన్న మెట్ట ప్రాంతమది. అనంతపురం జిల్లాకు ఏడాదికి పడే వాన సగటున సుమారు 550 మిల్లీమీటర్లు. అదీ అదనుకు పడదు. కథలో సెనక్కాయ పైరు ఎండిపోతుంది. అమ్మానాన్నలు బెంగళూరుకు బేల్దారి పనికి పోతారు. పదమూడేళ్ల పిల్లవాడూ, మూడేళ్ల చెల్లెలూ అవ్వ దగ్గర ఉండిపోతారు. ఇద్దరూ ఏడుస్తారు. ఇద్దరిదీ ఒకే ఏడుపు! కథలోని లోపమంతా అక్కడే ఉందని నాకు తోచింది.

ఎరిక్ ఎరిక్సన్ 1950లో వెలువరించిన 'చైల్డ్‌హుడ్ అండ్ సొసైటీ'లో మనిషి జీవితాన్ని ఎనిమిది దశలుగా చూశాడు. ఫ్రాయిడ్ ప్రధానంగా బాల్యం మీద దృష్టి పెడితే, ఈయన వృద్ధాప్యం దాకా నడిచాడు. ప్రతి దశలోనూ ఒక వైరుధ్యం: పసితనంలో నమ్మకానికీ అపనమ్మకానికీ, బడి వయసులో శ్రమశీలతకూ న్యూనతకూ, కౌమారంలో 'నేనెవరు' అన్న స్పష్టతకూ గందరగోళానికీ. దాన్ని మనిషి ఒంటరిగా పరిష్కరించుకోడు. సమాజం ఏమిస్తుందన్నదాన్ని బట్టి ఉంటుంది. వైరుధ్యాల భాష తెలిసిన మనం ఈ మాటకు ఎందుకు దూరమయ్యామో!

కౌమారానికి ఆయన వాడిన మాట 'మారటోరియం'. పెద్దరికపు బాధ్యతలు మీద పడకముందు, రకరకాల దారులు పరీక్షించుకోడానికి సమాజం ఇచ్చే గడువు అది. అప్పుల లావాదేవీల్లోని మాటే. పంట పోయిన రైతుకు ఈ మాటకు అర్థం చెప్పనక్కర్లేదు. కాని అప్పుకు వాయిదా దొరకని ఇంట్లో పిల్లవాడి వయసుకు వాయిదా ఎవరిస్తారు? ఎరిక్సన్ చెప్పిన కౌమారం అందరికీ సమానంగా అందే ఆస్తి కాదు.

ఈ ఖాళీని కొంత పూరించినవాడు గ్లెన్ ఎల్డర్. 1930ల ఆర్థిక మాంద్యంలో పెరిగిన అమెరికన్ పిల్లల మీద 1974లో పుస్తకం తెచ్చాడు. ఓక్లండ్‌లో 1920-21లో పుట్టినవాళ్లు మాంద్యం నాటికి కాస్త ఎదిగారు. మగపిల్లలు చిన్నాచితకా పనులకు పోయారు, ఆడపిల్లలు ఇంటి చాకిరీ ఎత్తుకున్నారు. తాము లేకపోతే ఇల్లు గడవదన్న ఎరుక చాలామందిని నిలబెట్టింది. ఆ తరువాత బర్క్‌లీలో 1928-29లో పుట్టినవాళ్లను పోల్చి చూస్తే, పసితనంలోనే దెబ్బతిన్న మగపిల్లలు ఎక్కువ కుంగారు. కరువు ఒకటే, తగిలిన వయసు వేరు. అలాగని బాలకార్మికత్వం మేలు చేస్తుందని వాదించేవాడు ఎవడైనా బయలుదేరితే, వాడి పిల్లల్ని ముందు పనికి పంపమందాం.

చెల్లెలి సంగతి జాన్ బౌల్బీ చెప్పిన అనుబంధ సిద్ధాంతానికి దగ్గర. అయితే ఆయన తల్లి మీద పెట్టినంత బరువు మన ఊళ్లకు సరిపడదు. బిడ్డ ఒకరికంటే ఎక్కువమందితో అనుబంధం పెంచుకోగలదని తరువాతి పరిశోధకులు చూపారు. ఇక్కడ అవ్వ ఉంది. కాని అవ్వ మాటేమిటి? ఎరిక్సన్ లెక్కలో ఆమెది గడిచిన బతుకును తలచుకొని సమాధానపడే దశ. వలస ఆమెను మళ్లీ బిడ్డల్ని సాకే దశకు తోసింది. నడుము వంగిన మనిషి చంకలో పసిబిడ్డ. ఈమె గురించి కథలో ఒక్క వాక్యమైనా లేదు.

ఇవన్నీ ఆ యువకుడితో చెప్పాను. సిద్ధాంతాలు కథలోకి ఎక్కించవద్దని కూడా చెప్పాను. రెండో ప్రతిలో ఏడుపులు లేవు. ఉగాదికి తండ్రి వస్తాడు. కొడుకు పలకరించకుండా బిందె తీసుకొని నీళ్లకు పోతాడు. చెల్లెలు తండ్రి ముఖం గుర్తుపట్టక అవ్వ కొంగు వెనక దాక్కుంటుంది. అవ్వ మాత్రం, ఈసారి ఎన్నాళ్లుంటావని కొడుకును అడుగుతుంది.