గంటల లెక్కన మంచు

టొరంటోలో మావాడి ఐస్ హాకీ జట్టుకు రింకు, అంటే మంచు మైదానం, బుక్ చేసే పని నాదే. నగరపాలక సంస్థ రింకుల్లో అద్దె గంటల లెక్కన ఉంటుంది. సాయంత్రాలు, శని, ఆదివారాలు గిరాకీ వేళలు, రేటు ఎక్కువ. పనిరోజుల్లో పగటిపూట తక్కువ. పిల్లల జట్లకు పెద్దలకంటే చవక.

గంట తీసుకున్నా ఆట సుమారు 50 నిమిషాలే, మిగతాది మంచును నునుపుచేసే బండి జాంబోనీది. ఆ బండి కిందున్న బ్లేడు గీతలుపడ్డ పైపొరను చెక్కేస్తుంది; వెనక వేలాడే తడిగుడ్డ వేడినీళ్లు పరుస్తుంది. బండి బయటికెళ్లి తలుపు మూసేదాకా ఎవరూ మంచుమీద అడుగుపెట్టకూడదు.

పెద్ద రింకయితే 200 అడుగుల పొడవు, 85 అడుగుల వెడల్పు. అంత మంచూ కరగకుండా నేలలోని గొట్టాల్లో చల్లటి ఉప్పునీరు రాత్రింబవళ్లు తిరగాలి. అద్దెలో కరెంటు ఖర్చే బోలెడు.

కొత్తగా జట్టు కట్టేవాళ్లకు నా సలహా: బీమా పత్రం సిద్ధం చేసుకోండి, బుకింగ్ రద్దు నిబంధన చదివాకే అద్దె ఒప్పందంపై సంతకం పెట్టండి.