ఒక్క పుండూ పడలేదు

2011 జనవరిలో సుప్రీంకోర్టు ముగ్గురు డాక్టర్లను ముంబయిలోని కేఈఎం ఆస్పత్రికి పంపింది. 37 ఏళ్లుగా అక్కడే ఉన్న ఒక రోగి స్థితి ఎలా ఉందో స్వయంగా చూసి చెప్పమంది. వారిచ్చిన నివేదికలో మెదడు గురించి, పోయిన చూపు గురించి, కొంకర్లు పోయిన మణికట్ల గురించి చాలా ఉంది. వాటి మధ్య చర్మం గురించి ఓ చిన్న ప్రస్తావన. పడక పుండ్లు లేవు. ఎప్పుడో పడి మానిన పుండ్ల మచ్చలు కూడా లేవు.

మామూలు పాఠకుడు ఆ వాక్యం చదివి ముందుకు వెళ్లిపోతాడు. వార్డులో పనిచేసినవాళ్లు మాత్రం అక్కడ ఆగిపోతారు. దాని వెనక ఎంత చాకిరీ ఉందో వాళ్లకు తెలుసు.

ఆ రోగి పేరు అరుణా షాన్‌బాగ్. కర్ణాటకలోని హల్దీపూర్ నుంచి వచ్చి అదే ఆస్పత్రిలో నర్సుగా చేరిన అమ్మాయి. 1973 నవంబరు 27 సాయంత్రం డ్యూటీ ముగించుకుని నేలమాళిగలో బట్టలు మార్చుకుంటుండగా అక్కడే పనిచేసే ఓ స్వీపర్ ఆమె మెడకు కుక్క గొలుసు బిగించి అత్యాచారం చేశాడు. మెదడుకు రక్తం అందలేదు. మర్నాడు కనుగొనేసరికి మనిషి బతికే ఉంది గానీ మళ్లీ మాట్లాడలేదు. అప్పటికి ఆమెకు 25 ఏళ్లు. ఆ తర్వాత 2015 మే 18న న్యుమోనియాతో చనిపోయేదాకా దాదాపు 42 ఏళ్లు ఆమెను చూసుకున్నది ఆ ఆస్పత్రి నర్సులే. మొదట చూసినవాళ్లు రిటైరయ్యారు. వారి తర్వాతివాళ్లూ రిటైరయ్యారు. డీన్లు మారారు. అరుణ మంచం దగ్గర పని మాత్రం ఆగలేదు.

నర్సింగ్‌లో నీతి ఎక్కడ ఉంటుందని అడిగితే మే 12న నర్సుల దినోత్సవ సభల్లో చాలా జవాబులు వినిపిస్తాయి. దీపం పట్టుకున్న నైటింగేల్ బొమ్మ, త్యాగం, తల్లి మనసు. విద్యార్థినులు కొవ్వొత్తులు పట్టుకుని ఆమె పేరిట చేసే ప్రమాణం నిజానికి నైటింగేల్ రాసింది కాదు. 1893లో అమెరికాలోని డెట్రాయిట్‌లో లిస్ట్రా గ్రెటర్ అనే నర్సింగ్ సూపరింటెండెంట్ నాయకత్వంలో తయారైంది. ప్రమాణం మంచిదే. కానీ ఎవరూ చూడని వేళ రాత్రి మూడింటికి చేసే పనిలోనే ఆ వృత్తి నీతి తేలిపోతుంది. పడక పుండు దానికి అబద్ధం చెప్పని సాక్షి.

మంచంలో కదలకుండా పడుకున్న మనిషికి నడుము కింద, తుంటి దగ్గర, మడమల దగ్గర, తల వెనక భాగంలో ఎముకకూ పరుపుకూ మధ్య చర్మం నలిగిపోతుంది. నలిగినచోటికి రక్తం అందదు. కొన్ని గంటల్లోనే ఎర్రబడుతుంది. పట్టించుకోకపోతే పైచర్మం లేచిపోతుంది. ఇంకా వదిలేస్తే పుండు ఎముక దాకా దిగుతుంది, దాని నుంచి రక్తానికి ఇన్‌ఫెక్షన్ పాకి మనిషి ప్రాణమే పోవచ్చు. అందుకే రెండు గంటలకోసారి పక్క మార్చాలని నర్సింగ్ స్కూల్లో నేర్పుతారు. రోజుకు 12 సార్లు, ఏడాదికి 4,380 సార్లు. దుప్పటి ముడత పడకూడదు. తడి ఉండకూడదు. రోగిని పైకి జరిపేటప్పుడు ఈడ్చకూడదు, ఎత్తాలి. ఒంట్లో ప్రొటీన్ తగ్గకుండా తిండి చూడాలి. 1987లో బార్బరా బ్రేడెన్, నాన్సీ బర్గ్‌స్ట్రామ్ అనే ఇద్దరు అమెరికన్ నర్సులు ఇవన్నీ ఆరు అంశాల కొలబద్దగా కూర్చారు. స్పర్శ తెలియడం, తడి, నడక, కదలిక, ఆహారం, రాపిడి. ఏ రోగికి పుండు పడే ముప్పు ఎక్కువో లెక్కకట్టడానికి నేటికీ ఆ కొలబద్దే వాడుతున్నారు. సేవాభావం ఉంటే సరిపోదు, శాస్త్రం తెలియాలి అనడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

కేఈఎంలో ఓ ఆనవాయితీ ఉండేది. కొత్తగా చేరిన ప్రతి నర్సింగ్ విద్యార్థినినీ అరుణ దగ్గరికి తీసుకెళ్లి పరిచయం చేసేవారు. ఈమె మనలో ఒకరు, ఇప్పటికీ మనలో ఒకరే అని చెప్పేవారట. ఈ సంగతి ఆస్పత్రి డీన్ కోర్టుకు ఇచ్చిన వివరణలోనే ఉంది. 1980లలో మంచం ఖాళీ చేయించడానికి ముంబయి కార్పొరేషన్ రెండుసార్లు ఆమెను బయటికి తరలించబోతే నర్సులు అడ్డం తిరిగారు. కార్పొరేషన్ వెనక్కి తగ్గింది. రోగి తరఫున గొంతెత్తడాన్ని నర్సింగ్ పాఠ్యపుస్తకాలు వృత్తి ధర్మాల్లో ఒకటిగా లెక్కిస్తాయి. ఈ నర్సులు తమ యజమాని మీదే గొంతెత్తారు.

ఇంతవరకూ చేతులెత్తి మొక్కాల్సిందే. ఆ తర్వాతే చిక్కు మొదలవుతుంది.

అరుణ కథను పుస్తకంగా రాసిన జర్నలిస్టు పింకీ విరానీ 2009లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఆహారం ఆపి ఆమెను ప్రశాంతంగా పోనివ్వాలని కోరారు. నర్సులు ఒప్పుకోలేదు. 2011 మార్చి 7న జస్టిస్ మార్కండేయ కట్జూ, జస్టిస్ జ్ఞాన్‌సుధా మిశ్రా ధర్మాసనం పిటిషన్ కొట్టేసింది. అరుణ తరఫున మాట్లాడే హక్కు విరానీకి కాదు, ఇన్నేళ్లూ కనిపెట్టుకుని ఉన్న కేఈఎం సిబ్బందికే ఉందంది. అదే తీర్పులో, హైకోర్టు అనుమతితో ప్రాణాధార చికిత్స ఆపడానికి దేశంలో తొలిసారి దారి కూడా వేసింది. నర్సులు మిఠాయిలు పంచుకున్నారు.

మరి అరుణ ఏమనుకునేది? ఆ ప్రశ్నకు ఎవరి దగ్గరా జవాబు లేదు. ఆమె తరఫున రెండు వైపులా ప్రేమతోనే మాట్లాడారు. ప్రేమ ఎంత ఉన్నా అది రోగి సమ్మతి కాదు. నర్సింగ్ నీతిలో మేలు చేయడం, కీడు చేయకపోవడం, న్యాయంగా ఉండడం ఎంత ముఖ్యమో, రోగి ఇష్టాన్ని గౌరవించడమూ అంతే ముఖ్యం. అన్నిటికంటే తరచుగా మరిచిపోయేది అదే. గౌరవంగా పోవడం కూడా జీవించే హక్కులో భాగమేనని 2018లో సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జిల ధర్మాసనం చెప్పింది. మనిషి స్పృహలో ఉండగానే తన చికిత్స గురించి వీలునామా రాసుకోవచ్చంది. 2023 జనవరిలో ఆ పద్ధతిని సులభం చేసి, నోటరీ ముందు లేదా గెజిటెడ్ అధికారి ముందు సంతకం చేస్తే చాలంది. ఇవన్నీ 1973లో ఉండి ఉంటే అరుణకు పనికొచ్చేవని కాదు. పాతికేళ్ల పిల్ల అలాంటి కాగితం ఎందుకు రాసుకుంటుంది?

కోర్టుల దాకా వెళ్లే సందర్భాలు అరుదు. మామూలు వార్డులో నీతి పరీక్ష చిన్న చిన్న పనుల్లో, రోజుకు నలభై సార్లు ఎదురవుతుంది. మందు ఇచ్చే ముందు అయిదు సంగతులు సరిచూడాలని ఏఎన్ఎం నుంచి బీఎస్సీ దాకా అందరికీ నేర్పుతారు. సరైన రోగి, సరైన మందు, సరైన మోతాదు, సరైన దారి, సరైన సమయం. వినడానికి ఎక్కాల్లా ఉంటుంది. గాఢ పొటాషియం క్లోరైడ్ ఆంప్యూల్‌ను సెలైన్‌లో కలపకుండా నేరుగా నరంలోకి ఎక్కిస్తే గుండె ఆగిపోతుందన్నది తెలిశాక ఎక్కంలా ఉండదు. కేస్ షీట్లో డాక్టరు రాసిన మోతాదు మీద అనుమానం వస్తే “ఇది సరైనదేనా డాక్టర్‌గారూ?” అని అడగాలి. అడిగినందుకు కసుర్లు తిన్నా అడగాలి. చెప్పింది చేశానంటే సరిపోదు, సూది గుచ్చిన చెయ్యి కూడా జవాబుదారీయే. పొరపాటు జరిగితే దాచకుండా రాయాలి. మన ఆస్పత్రుల్లో ఇది ఎంత కష్టమో పనిచేసేవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. తప్పు రాసిన నర్సుకు మెమో వస్తుంది, దాచిన నర్సుకు ఏమీ రాదు. ఇలాంటిచోట నీతి పాఠాలు ఎన్ని చెప్పినా గోడకు చెప్పినట్టే.

రహస్యం కాపాడడమూ అంతే. రోగికి హెచ్ఐవీ ఉన్నదన్న సంగతి అతని అనుమతి లేకుండా బయటపెట్టడం 2017 నాటి చట్టం ప్రకారం నిషిద్ధం. చట్టం తెలిసినా, మంచాల మధ్య గట్టిగా మాట్లాడుకుంటే పక్కవాళ్లకు వినిపిస్తుందన్నది తట్టకపోవచ్చు. పరదా వేయకుండా కాథెటర్ పెట్టడం, అరవై ఏళ్ల పెద్దాయన్ని “నువ్వు” అనడం, పేరు వదిలేసి “పదకొండో నంబరు మంచం” అని పిలవడం. వీటికి ఏ సెక్షనూ వర్తించదు. రోగి మాత్రం డిశ్చార్జి అయి ఇంటికెళ్లాక కూడా మరిచిపోడు.

ఇక చేతుల లెక్క. భారత నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణాల ప్రకారం జనరల్ వార్డులో అయిదుగురు రోగులకు ఒక నర్సు, బోధనాసుపత్రుల్లో ముగ్గురికి ఒకరు ఉండాలి. వెంటిలేటర్ మీదున్న రోగికి ఒక నర్సు. మన పెద్దాసుపత్రిలో గానీ, ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లో గానీ రాత్రి పదింటికి నిలబడి చూస్తే ఈ లెక్క ఎంత దూరంలో ఉందో అర్థమవుతుంది. అందుకే మన దగ్గర పక్క మార్చేది రోగి భార్య, బెడ్ ప్యాన్ పెట్టేది కొడుకు, సెలైన్ అయిపోయిందని “సిస్టర్, సిస్టర్” అంటూ పరుగెత్తేది తమ్ముడు. ముప్పై మంచాలకు ఒక్క సిస్టర్ ఉన్నప్పుడు రెండు గంటలకోసారి పక్క మార్చమంటే ఎలా? అక్కడ పడిన పుండుకు ఆమెను ఒక్కదాన్నే దోషిని చేయడం అన్యాయం. సిబ్బందిని నియమించని యాజమాన్యానిదీ, పోస్టులు నింపని ప్రభుత్వానిదీ ఆ తప్పులో పెద్ద వాటా.

నర్సుల భద్రత సంగతి అంతకంటే పాతది. అరుణ మీద దాడి జరగ్గానే ముంబయి నర్సులు సమ్మె చేసి పని పరిస్థితులు మార్చమన్నారు. దాడి చేసినవాడికి హత్యాయత్నం, దోపిడీ కింద ఏడేళ్ల శిక్ష పడింది. అత్యాచారం అభియోగమే నమోదు కాలేదు. 2024 ఆగస్టులో కోల్‌కతా ఆర్జీ కర్ ఆస్పత్రిలో జూనియర్ డాక్టరు హత్య తర్వాత సుప్రీంకోర్టు వైద్య సిబ్బంది భద్రతకు జాతీయ టాస్క్‌ఫోర్స్ వేసింది. ఆ విచారణలో అరుణ పేరు మళ్లీ వినిపించింది. మధ్యలో గడిచింది యాభై ఏళ్లు.

2023లో పార్లమెంటు జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం చేసింది. 1947 నాటి పాత చట్టం స్థానంలో వచ్చిన ఈ చట్టంలో నర్సుల నీతి నియమాలకూ రిజిస్ట్రేషన్‌కూ ప్రత్యేక బోర్డు ఉంది. ప్రతి రాష్ట్రంలోనూ కమిషన్ ఏర్పాటు చేయాలని ఉంది. నర్సు తప్పు చేస్తే అడిగే వ్యవస్థ కాగితం మీద సిద్ధంగానే ఉందన్నమాట. నర్సుకు ఎంతమంది రోగుల్ని అప్పగిస్తున్నారని ఆస్పత్రిని నిలదీసే వ్యవస్థ కూడా అంత గట్టిగా ఉండాలి.

ఆ పని పాఠకులు కొంత మొదలుపెట్టవచ్చు. ఇంట్లో ఎవరినైనా ఆస్పత్రిలో చేర్చేటప్పుడు గది అద్దె, ప్యాకేజీ, ఇన్సూరెన్స్ అడుగుతాం కదా. వాటితోపాటు ఇంకో రెండు అడగండి. రాత్రి షిఫ్టులో ఈ వార్డుకు ఎంతమంది నర్సులు ఉంటారు? వాళ్లందరికీ రాష్ట్ర కౌన్సిల్లో రిజిస్ట్రేషన్ ఉందా?