నిరీక్షణ లెక్క ఎక్కడ మొదలవుతుంది?

రోగిని వెంటబెట్టుకొని ఆసుపత్రికి చేరిన కుటుంబం నోట ముందుగా వెలువడే ప్రశ్న “ఇంకా ఎంతసేపు?” అన్నదే. ఈ ప్రశ్నకు సమాధానం చెప్పడం తమ బాధ్యతగా ఎంచి, నిరీక్షణ సమయాలను ప్రజల ముందుంచుతున్న దేశాలు కొన్ని ఉన్నాయి. వాటిలో ఇంగ్లండు అనుభవం మనం ప్రత్యేకంగా తెలుసుకోదగినది. తెలుగు కుటుంబాల బిడ్డలు ఎందరో అక్కడ వైద్యులుగా, నర్సులుగా సేవలందిస్తున్నారు. మరెందరో చదువుల కోసం, ఉద్యోగాల కోసం వెళ్ళి అవే ఆసుపత్రులపై ఆధారపడి ఉన్నారు.

నాలుగు గంటల నియమం

2000లో ప్రకటించిన ఆరోగ్య ప్రణాళికలో అక్కడి ప్రభుత్వం ఒక హద్దు నిర్ణయించింది. అత్యవసర విభాగానికి వచ్చిన రోగిని నాలుగు గంటల లోపు చికిత్స చేసి ఇంటికి పంపాలి, లేదా వార్డులో చేర్చుకోవాలి, లేదా మరో ఆసుపత్రికి తరలించాలి. నూటికి 98 మంది విషయంలో ఈ నియమం నెరవేరాలన్నారు. 2010లో ఆ లక్ష్యాన్ని 95కు తగ్గించారు. ఫలితాలను ఆసుపత్రి సంస్థల పేర్లతో సహా ప్రచురిస్తారు. తొలి సంవత్సరాలలో ఈ ఏర్పాటు మేలే చేసింది. సుదీర్ఘ నిరీక్షణలు గణనీయంగా తగ్గాయి. అయితే 2015 జూలై తర్వాత ఇంగ్లండు ఆ 95 శాతాన్ని మళ్ళీ అందుకోలేదు. 2022 డిసెంబరులో నాలుగు గంటల లోపు పని పూర్తయినవారు నూటికి 65 మంది మాత్రమే.

అంకె కోసం పరుగు

లక్ష్యం ఉన్నచోట దానిని అందుకోవాలనే ఒత్తిడి కూడా ఉంటుంది. నాలుగు గంటల గడువు ముగియబోయే చివరి నిమిషాలలోనే రోగులను హడావుడిగా వార్డులకు పంపుతున్న తీరు అక్కడి లెక్కలలో స్పష్టంగా బయటపడింది. అంతకంటే విషాదకరమైనది స్టాఫర్డ్ ఆసుపత్రి ఉదంతం. అక్కడి దుస్థితిపై రాబర్ట్ ఫ్రాన్సిస్ అధ్యక్షతన జరిగిన ప్రజా విచారణ 2013 ఫిబ్రవరిలో నివేదిక సమర్పించింది. యాజమాన్యం ఆర్థిక లెక్కలకూ లక్ష్యాలకూ ఇచ్చిన ప్రాధాన్యాన్ని రోగుల సంరక్షణకు ఇవ్వలేదని అందులో తేల్చారు. రోగికి సేవ చేయవలసిన అంకెకే రోగి సేవ చేయవలసి రావడం ఎంత విపరీతం!

గడియారం ఎప్పుడు మొదలైంది?

అంకెలను చదివేటప్పుడు మనం తప్పక గమనించవలసిన విషయం మరొకటి ఉంది. 2022 డిసెంబరులో ఇంగ్లండులో 54,532 మంది పన్నెండు గంటలకు మించి వార్డులో పడక కోసం వేచి ఉన్నారని ప్రకటించారు. చిన్న సంఖ్య కాదది. అయినా ఆ పన్నెండు గంటలను లెక్కించింది రోగి గుమ్మం దాటినప్పటి నుండి కాదు. అతనిని చేర్చుకోవాలని వైద్యులు నిర్ణయించినప్పటి నుండి! ఒక వృద్ధుడు ఎనిమిది గంటలు కూర్చున్న తర్వాత వైద్యులు ఆ నిర్ణయం తీసుకున్నారనుకుందాం. ఆపై పదకొండు గంటలు స్ట్రెచర్ మీద పడి ఉన్నాడనుకుందాం. ఆయన గడిపినది పందొమ్మిది గంటలు. కానీ ఆ జాబితాలో ఆయన లేనే లేడు.

పొరుగున ఉన్న స్కాట్లాండులో మాత్రం రోగి వచ్చిన క్షణం నుండే లెక్కిస్తారు. ఇంగ్లండులోని అత్యవసర వైద్యుల సంఘం కూడా ఇదే కోరుతూ వచ్చింది. ఎట్టకేలకు 2023 నుండి అక్కడ కూడా రాక నుండి లెక్కించిన సంఖ్యను నెలనెలా ప్రచురిస్తున్నారు. అది పాత సంఖ్యకు ఎన్నో రెట్లు ఉంది. కొలత మొదలయ్యే చోటు మారగానే అంతవరకు లెక్కలో లేని మనుషులు లెక్కలోకి వచ్చారు.

ఈ తేడా ప్రాణాలకు సంబంధించినది. 2022లో ఒక వైద్య పత్రికలో వెలువడిన పరిశోధన ఇంగ్లండులోని యాభై లక్షలకు పైగా రోగుల వివరాలను పరిశీలించింది. పడక దొరకడం ఆరు నుండి ఎనిమిది గంటలు ఆలస్యమైన ప్రతి 82 మందికి ఒక మరణం అదనంగా సంభవిస్తున్నదని అది అంచనా వేసింది.

కుటుంబాలు గుర్తుంచుకోవలసినవి

ఉత్తర ఐర్లాండు వంటి చోట్ల ఏ ఆసుపత్రిలో ఇప్పుడు ఎంత నిరీక్షణ ఉందో ఇంటి నుండే చూసుకోవచ్చు. చిన్న గాయానికి, స్వల్ప జ్వరానికి ఇది ఉపయోగకరమే. గుండె నొప్పికి, పక్షవాతం లక్షణాలకు, శ్వాస అందకపోవడానికి మాత్రం ఆ అంకె వర్తించదు. బ్రిటన్‌లో విరివిగా పాటించే మాంచెస్టర్ పద్ధతిలో ఎరుపు గుర్తు పడిన రోగిని తక్షణమే, నారింజ గుర్తు ఉన్నవారిని పది నిమిషాలలో, పసుపు వారిని గంటలో, ఆకుపచ్చ వారిని రెండు గంటలలో చూడాలి. కాబట్టి మన తర్వాత వచ్చినవారు మనకంటే ముందు లోపలికి వెళితే అది అన్యాయం కానవసరం లేదు. అలాగే బోర్డుపై నాలుగు గంటలని కనిపించిందని గుండె నొప్పితో ఇంట్లోనే ఆగిపోవడం ప్రాణాపాయం. దూరదేశంలో ఉన్న పిల్లలకు ఫోనులో ఈ ఒక్క మాట చెప్పినా మేలే.

మన ప్రాంతంలోనూ ఇటువంటి లెక్కలు వెలువడాలని మేము కోరుకుంటున్నాము. అవి వెలువడిన నాడు వాటిని ప్రకటించేవారిని మూడు ప్రశ్నలు అడుగుదాం. ఏ క్షణం నుండి లెక్కించారు? ఎవరిని వదిలిపెట్టారు? సగటు సరే, అందరికంటే ఎక్కువసేపు వేచి ఉన్న రోగి ఎంతసేపు వేచి ఉన్నాడు? ఈ మూడింటికీ సూటిగా జవాబిచ్చే పట్టికే నమ్మదగిన పట్టిక.