పర్చూరు విద్యార్థికి పోషకాహార శాస్త్రము

పర్చూరు ప్రాంతపు నల్లరేగడి నేలలలో ప్రత్తియు మిరపయు శనగయు పండించి, కళ్లములందు కాయలను ఆరబోసి, గుంటూరు మిర్చి యార్డు ధరకై ఎదురుచూచు కుటుంబములు, బిడ్డను డిగ్రీలో చేర్చునపుడు ఆ చదువు దేనికి పనికివచ్చునని ప్రశ్నించుట సహజము. 2023-24 విద్యాసంవత్సరమునుండి మన రాష్ట్రపు డిగ్రీ విద్యయందు ఒకే మేజరు, దానికి తోడుగా ఒక మైనరు అను పద్ధతి ప్రవేశించినందున, ఆ ప్రశ్న ఇపుడు రెండు విషయములకును వర్తించుచున్నది. అవకాశమున్నచోట మైనరుగా పోషకాహార శాస్త్రమును గ్రహించుట మిక్కిలి శ్రేయస్కరమని నా దృఢవిశ్వాసము.

ఆహారములోని పోషకములెవ్వి, వయస్సును శ్రమను బట్టి అవి ఎంతెంత కావలెను, దేహము వానినెట్లు గ్రహించును అనునవి ఈ శాస్త్రమునకు మూలప్రశ్నలు. మన శనగలయందు ఇనుము కలదు. కాని ధాన్యములలోను పప్పులలోను ఉండు ఇనుమును దేహము స్వల్పముగానే గ్రహించును. ఉడికించిన శనగలపై నిమ్మకాయ పిండినచో, అందలి సి విటమిను వలన ఆ గ్రహణము హెచ్చును. తిన్నవెంటనే టీ త్రాగినచో తగ్గును. పచ్చిమిరపలో సమృద్ధిగా నుండు సి విటమిను, కాయ కళ్లములో ఎండినకొలదిని క్షీణించును. ఎండుమిర్చిలోని కెరొటినాయిడులలో కొన్ని దేహమున ‘ఎ’ విటమినుగా మారగలవు గాని, అవి ఒంటబట్టుటకు కొంత నూనె అవసరము. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ననుసరించి ఆంధ్రప్రదేశ్‌లో 15 మొదలు 49 ఏండ్ల వరకు గల స్త్రీలలో నూటికి 58.8 మంది రక్తహీనులు కాగా, ఇట్టి జ్ఞానము తరగతిగదికే పరిమితమగుట న్యాయము కాదు.

ఈ శాస్త్రము ఇతర విద్యల సాహచర్యమున వర్ధిల్లినది. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు జీవరసాయన పరిశోధకుడై, ఒక విధమగు రక్తహీనతకు ఔషధమైన ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేయుటలో తన బృందమునకు మార్గదర్శి అయ్యెను. 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ బెరిబెరి వ్యాధిపై ఆరంభించిన పరిశోధన పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, నేటి జాతీయ పోషకాహార సంస్థ అయినది. జొన్నయే ప్రధానాహారముగా గల దక్కను పేదలలో పెల్లాగ్రా అను పోషకలోప వ్యాధి కనబడగా, జొన్నలో అధికముగా నుండు ల్యూసిన్ అను అమైనో ఆమ్లము దానికి కారణము కావచ్చునని కొలుత్తూరు గోపాలన్ బృందము ప్రతిపాదించెను. ఆ వ్యాధి కారణమును వైద్యుడన్వేషింపవచ్చును. తక్కువ ల్యూసిన్ గల వంగడమును వెదకుటకు వ్యవసాయ శాస్త్రజ్ఞుడును, పేదవాడు అన్నిపూటలు జొన్ననే తినవలసివచ్చిన కారణమును విచారించుటకు అర్థశాస్త్రజ్ఞుడును కావలెను.

మైనరు మాత్రముననే ఎవ్వరును డైటీషియన్ కాజాలరు. ఆ వృత్తికి పై చదువు ఆవశ్యకము. అయినను, వాణిజ్యశాస్త్రము చదివినవాడు చౌకధరల దుకాణపు సరకును, రసాయనశాస్త్రము చదివినవాడు నూనెల శుద్ధిని, ఉపాధ్యాయుడు బడిలోని మధ్యాహ్న భోజనమును పోషకదృష్టితో పరిశీలింపగలిగినచో, ఆ విద్యాఫలము ఒక్కని జీతముతో ముగియక ఊరంతటికిని సంక్రమించును. ప్రపంచమునకు మిరపను పంపు ఈ సీమ, తన బిడ్డల రక్తపుష్టికి వలసిన విద్యను తన కళాశాలలయందే కోరి సాధించుకొనవలెను.